ఊలాంగ్ తేయాకు: సహజ పరిమళములు, వాని ఆస్వాదనము

ఆకుపచ్చ తేయాకునకును నల్ల తేయాకునకును నడుమ నిలిచి, ఆ రెండింటి గుణములను కొంత కొంత గ్రహించియు దేనికిని లొంగక స్వతంత్రముగా మనుచున్న తేయాకు ఊలాంగ్. వృక్షశాస్త్రదృష్టిచే ఈ మూడును కమెల్లియా సైనెన్సిస్ అను ఒకే మొక్క ఆకులు. భేదమెల్ల కోసిన పిమ్మట ఆకునకు జరుగు సంస్కారమునందే యున్నది. ఆకులోని రసము గాలి సోకి ఎఱ్ఱబాఱు ఆక్సీకరణ చర్యను మొదటనే నిలిపివేసినచో ఆకుపచ్చ తేయాకును, తుదిదాక సాగనిచ్చినచో నల్ల తేయాకును లభించును. నూటికి 10 పాళ్లు మొదలుకొని 80 పాళ్ల వఱకు గల సువిశాలమైన నడిమి భాగమున, చేయువాని అభీష్టము ననుసరించి ఎచ్చటనైన ఆపినచో ఊలాంగ్ అగును. పువ్వు గాని, తైలము గాని, సుగంధద్రవ్యము గాని ఏమియు చేర్పకయే మల్లె, సంపెంగ, తేనె, మాగినపండు, వేయించిన గింజ, కాలిన కొయ్య మున్నగు తావులన్నియు ఒక్క ఆకునుండియే వెలువడుట దీని విశేషము. ఆ తావుల పుట్టుకయు, వానిని గ్రహించు పద్ధతియు, పల్నాటి నీటితోడను ఎండతోడను వానికి కలుగు సంబంధమును ఈ వ్యాసమునకు విషయములు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో తేయాకు పండదు. పండుటకు వీలును లేదు. ఈ మొక్క కోరునది ఆమ్లగుణము గల నేల, సంవత్సరమునకు 1200 మిల్లీమీటర్లకు తగ్గని వర్షము, మంచు పొగలు క్రమ్ము కొండవాలు. పల్నాటియందు సున్నపుపాలు హెచ్చుగా గల నల్లరేగడి, నమ్మరాని వాన, రెంటచింతల పేరు వినినంతనే ఒడలు చెమర్చు వేసవి కలవు. ప్రత్తికిని మిరపకును పేరుగాంచిన యీ సీమకు తేయాకు వెలుపలినుండి డస్ట్ టీ రూపముననే చేరుచున్నది. 1930లో అస్సాము నందలి ఆమ్‌గూరి తోటలో విలియం మెక్కర్చర్ అను నాతడు ఆకును నలిపి, చించి, చుట్టు యంత్రమును కల్పించినది మొదలు, తక్కువ ఆకుతో చిక్కని రంగు దిగు నలుసు తేయాకు దేశమెల్ల వ్యాపించినది. మాచర్ల బస్టాండు చెంతను గురజాల సంతలోను అల్లము, యాలకులు వేసి పాలతో మరగించు టీ ఈ నలుసునుండి పుట్టినదే. అది తనకు తగిన చోట తనకు తగిన పానీయమే. దానిని తక్కువచేసి మాటలాడుట రుచి తెలిసినవారి లక్షణము కాదు. కాని ఆ పద్ధతిచే ఊలాంగును కాచుట ఆకును వృథాచేయుటయే యగును. మరగించుటచే తేలికయైన పరిమళద్రవ్యములు ఆవిరితో పాఱిపోవును. పాలలోని మాంసకృత్తులు ఆకులోని వగరును పట్టి బంధించును. వెన్న మిగిలిన వాసనలను తనలో దాచుకొని ముక్కునకు అందనీయదు.

ఊలాంగునకు పుట్టినిల్లైన చైనాతో పల్నాటికి సంబంధమే లేదనుకొనుట మాత్రము పొరపాటు. మాచర్లకు సమీపమున కృష్ణాతీరమునందలి నాగార్జునకొండపై, ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని కాలమున, అనగా క్రీస్తుశకము 3వ శతాబ్దమున, బోధిసిరి అను ఉపాసిక ఒక చైత్యగృహమును నిర్మించి వ్రాయించిన శాసనములో, సింహళాచార్యులు ధర్మమార్గమునకు త్రిప్పిన దేశములలో కాశ్మీర గాంధారములతోపాటు చీన దేశము పేరు కూడ చెక్కబడియున్నది. ఆ నాటికి ఊలాంగ్ పుట్టలేదు. ఫూజియన్ రాష్ట్రపు వూయి కొండలలో 17వ శతాబ్దపు చివరను 18వ శతాబ్దపు తొలినాళ్లను ఈ సంస్కారపద్ధతి రూపుదాల్చినట్లు చైనా గ్రంథములవలన తెలియుచున్నది. అచ్చటినుండి దక్షిణముగా ఆన్‌షి మండలమునకును, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు ఫెంగ్‌హ్వాంగ్ కొండకును, సముద్రము దాటి తైవాను ద్వీపమునకును ప్రాకినది. 1869లో జాన్ డాడ్ అను బ్రిటిష్ వర్తకుడు తైవాను ఊలాంగును రెండు ఓడలలో తిన్నగా న్యూయార్కునకు పంపుటతో ప్రపంచపు అంగడిలో దానికి స్థానము లభించినది. 2022లో యునెస్కో చైనా తేయాకు సంస్కార సంప్రదాయములను మానవజాతి అమూర్త వారసత్వముగా గుర్తించినది.

ఘ్రాణము

గంధమును గుఱించి మన తార్కికులు చేసిన విభాగము ఇచ్చట స్మరింపదగినది. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమునందు రూపమును ఏడు విధములుగాను, రసమును ఆఱు విధములుగాను విభజించి, గంధమునకు వచ్చునప్పటికి సురభి, అసురభి అను రెండింటితో సరిపెట్టెను. ఇది ఆయన లోపము కాదు. ఘ్రాణేంద్రియమును లెక్కకు దింపుట అంత కష్టము. ముక్కు లోపలి పొరయందు సుమారు 400 రకముల గ్రాహకములు కలవనియు, ఒక్కొక్క వాసన వానిలో ఒక్కొక్క గుంపును మేల్కొల్పుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఈ గ్రాహకముల జన్యువులను 1991లో కనుగొన్న రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అను వారలకు 2004లో నోబెల్ బహుమతి వచ్చినది. తీపికిని పులుపునకును తమ పేర్లు తమకు కలవు. వాసనకు స్వంతముగా పేరు లేక, తాను పుట్టిన వస్తువు పేరే శరణ్యమైనది: మల్లెతావి, మట్టివాసన, నేతికమ్మదనము. కావున ఊలాంగును ఆస్వాదింప దలచినవాడు ముందు తన ఊరి పూలను, పండ్లను, వంటింటి కమ్మదనములను జ్ఞప్తిలో పదిలపఱచుకొనవలెను. చైనావాడు ఆర్కిడ్ పువ్వును స్మరించుచోట నరసరావుపేటవాడు సంపెంగను స్మరించుటలో తప్పేమియు లేదు. పరిమళద్రవ్యములు పెక్కు రెండింటికిని సమానములే.

వాసన ముక్కునకు రెండు త్రోవల చేఱును. ముక్కుపుటములతో పీల్చునది ఒకటి. మ్రింగిన తరువాత గొంతు వెనుకనుండి పైకి ఎగయునది రెండవది. జలుబుచేసి ముక్కు దిబ్బడ వేసిననాడు గోంగూరపచ్చడి కేవలము పులుపుగా మిగులుట ఈ రెండవ త్రోవ మూయబడుటచేతనే. ఊలాంగునందు ఈ రెండవ పరిమళము మొదటిదానికంటె ఎక్కువ కాలము నిలుచును. గుక్క దిగిన పిమ్మట నోరు మూసికొని మెల్లగా ముక్కుతో ఊపిరి విడిచినచో, గిన్నెపై పీల్చినపుడు తెలియని పూలతావి అప్పుడు తెలియును. తొందరపడి త్రాగువారికి ఊలాంగులో సగము అందకపోవుట ఇందువలననే.

సంస్కారము

ఊలాంగ్ కోతయే వేఱు. ఆకుపచ్చ తేయాకునకు మొగ్గను, లేతాకులను గిల్లుదురు. ఊలాంగునకు కొస మొగ్గ విచ్చుకొని ఆకుగా నిలిచినదాక ఆగి, 3 లేక 4 ముదురుపాటి ఆకులతో కొమ్మకొసను త్రుంచుదురు. ముందు జరుగబోవు దెబ్బలకు లేతాకు తాళజాలదు. కోసిన ఆకును సాయంకాలపు మెత్తని యెండలో పలుచగా పఱచి, వాడినంతనే నీడకు చేర్చుదురు. అటుపైన వెదురు పళ్లెములలో వేసి ఊపుదురు. ఆకులు ఒకదానితో నొకటియు పళ్లెము అంచులతోడను రాచుకొని, వాని యంచులు కమిలి, నడిమి భాగము మాత్రము చెక్కుచెదరక యుండవలెను. కొన్ని నిమిషములు ఊపి, గంటయో అంతకు మించియో కదలనీయక విడిచి, మరల ఊపి, మరల విడిచి, ఈ విధముగా నాలుగైదు మాఱులు, పెక్కుసార్లు తెల్లవాఱుదాక జరుపుదురు. విరామకాలమున ఆకు కాడలోని తేమ ఈనెల వెంబడి మరల ఆకు నడుమకు ఎక్కి, వాడిన ఆకు తిరిగి జీవము వచ్చినట్లు నిగుడును. తెల్లవాఱునప్పటికి ఆకు నడుమ ఆకుపచ్చగను, అంచున ఎఱ్ఱగను నిలిచినచో పని కుదిరినదని యర్థము.

ఈ రాత్రియంతయు కర్తకు కొలమానము ముక్కే. మొదట పచ్చగడ్డి కోసినప్పటి పచ్చివాసన వచ్చును; పిదప అది తగ్గి పూలతావి తలయెత్తును; ఇంకను సాగనిచ్చినచో పండు మాగిన వాసనయు, తుదకు నల్ల తేయాకు వాసనయు తోచును. ఏ ఘడియ కావలెనో ఆ ఘడియకు ఆకును మండుచున్న మూకుడులో వేసి వేయించి ఆక్సీకరణమును చంపివేయవలెను. గాలిలో తేమ, నాటి యెండ, ఆకు ముదురుదనము దినదినము మాఱుచుండుటచే గంటల లెక్క ఇందు పనికిరాదు. పల్నాటి రైతు కళ్లములో మిరపకాయను త్రిప్పుచు, మంచు పడకముందు కప్పుచు, ఎండు తగిలినదో లేదో తొడిమె విఱిచి, గలగలమను చప్పుడు విని నిర్ణయించుటయు, ఏమఱుపాటున కాయ తాలుగా మాఱుటయు ఎఱిగినవారికి ఈ పని యెంత సూక్ష్మమో వేఱుగ చెప్పనక్కఱలేదు. వేయించిన ఆకును వూయి, ఫెంగ్‌హ్వాంగ్ ప్రాంతములందు పొడవుగా మెలిపెట్టి చుట్టుదురు. ఆన్‌షియందును తైవానునందును గుడ్డలో మూటకట్టి నలిపి ఉండలు చేయుదురు. తరువాత ఆరబెట్టుదురు, కొన్నింటిని బొగ్గులపై మందాగ్నిని గంటల తరబడి కాల్తురు.

పరిమళముల పుట్టుక

తోటలో నిలిచియున్న తేయాకు వాసన చూచినచో అందు పచ్చియాకు వాసన తప్ప వేఱేమియు ఉండదు. మఱి ఈ పూలతావి ఎక్కడిది? దీనికి శాస్త్రజ్ఞులు రెండు దశలలో సమాధానము చెప్పిరి. జపాను దేశపు కాంజో సకాటాయు ఆతని సహచరులును 20వ శతాబ్దపు చివరి దశకమున, లినలూల్, జెరానియాల్ మొదలగు పరిమళద్రవ్యములు ఆకులో చక్కెరతో బంధింపబడి వాసనలేని రూపమున నిలువయుండుననియు, ప్రైమెవరోసిడేస్ అను కిణ్వము ఆ బంధమును త్రెంచినపుడు విడివడుననియు నిరూపించిరి. ఆకు పూర్తిగా నలిగి కణములు పగులు నల్ల తేయాకునకు ఈ వివరణము చక్కగా సరిపోవును. ఊలాంగులో ఆకు నడుమ కణములు పగులనే పగులవు; కిణ్వమొక చోటను, బంధితద్రవ్యము మఱియొక చోటను ఉండి యుండగా అవి కలియుట యెట్లు? 21వ శతాబ్దపు రెండవ దశకమున చైనా శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలు ఈ చిక్కును విప్పినవి. కోయబడియు ఇంకను ప్రాణముతో నున్న ఆకు, తనకు పదే పదే తగులుచున్న దెబ్బలకు ప్రతిక్రియగా, అంతకుముందు తనలో లేని పరిమళద్రవ్యములను అప్పటికప్పుడు సృష్టించుచున్నది. నెరోలిడాల్, ఇండోల్, జాస్మిన్ లాక్టోన్ అనునవి అట్లు పుట్టినవానిలో ముఖ్యములు. ఊపుట హెచ్చినకొలది ఇవి హెచ్చును. ఆకును మూకుడులో వేసినంతనే ఉత్పత్తి ఆగిపోవును. కోతకును మూకుడునకును నడుమ నిలిచిన ఆ ఒక్క రాత్రి ప్రాణమే ఊలాంగ్ పరిమళమునకు ఆధారము. చేయువాని నైపుణ్యమెల్ల ఆ ప్రాణమును తీయక బాధించుటయందున్నదని చెప్పినచో కఠినముగ తోచునేమో గాని అది సత్యము.

ఈ ద్రవ్యములలో ఇండోల్ కథ వింతయైనది. మోతాదు మించినచో అది మలినపు వాసన. లేశమాత్రమైనచో మల్లెపూవునందలి గాఢత. సాయంకాలమున విచ్చిన మల్లె, సంపెంగ, ఈ తేయాకు మూడింటిలోను అది కలదు. అన్నంభట్టు చెప్పిన సురభియు అసురభియు ఒకే ద్రవ్యమునందు మోతాదుచే విడివడుట ఆయన చూచియుండినచో సంతసించెడివాడు. జాస్మిన్ లాక్టోన్ తావి జాజిపూవునందును, ఊలాంగునందును పీచుపండు గుజ్జునకు దగ్గఱగ తోచు మెత్తని కమ్మదనమును నింపును. జపానునందలి ఒచనోమిజు విశ్వవిద్యాలయమున తేయాకు పరిమళములను పెక్కేండ్లు పరిశోధించిన విదుషి యమనిషి తేయి ఈ మల్లెజాతి ద్రవ్యములను తేయాకులో గుర్తించినవారిలో అగ్రగణ్యురాలు. జెరానియాల్, ఫినైల్ ఎథనాల్ అనునవి గులాబీతావికి కారణములు. లినలూల్ కొత్తిమీర గింజలకును కలదు. చిన్నాకు గల చైనా జాతిలో జెరానియాల్ పాలు హెచ్చనియు, పెద్దాకు గల అస్సాము జాతిలో లినలూల్ పాలు హెచ్చనియు జపాను శాస్త్రజ్ఞుడు టకేవో చూపెను. జాతిభేదము ముక్కునకే తెలియుట ఇందువలన.

తైవాను వాయవ్యభాగమున షిన్‌జూ, మియావ్‌లీ ప్రాంతములందు వేసవిలో తయారగు డోంగ్‌ఫాంగ్ మెయ్‌రెన్ అను ఊలాంగ్ విషయమై ప్రత్తిరైతునకు ఆశ్చర్యము కలుగక మానదు. పల్నాటి ప్రత్తిచేలలో ఆకుల అడుగుభాగమున చేరి రసము పీల్చి, ఆకు అంచులను ముడుచుకొనజేయు పచ్చదోమను చంపుటకు రైతు ఎంత వెచ్చించునో లోకవిదితము. ఆ కుటుంబమునకే చెందిన మఱియొక చిన్న దోమ తైవాను తేయాకు కొసలను కుట్టును. దానికై అచ్చటి రైతు ఎదురుచూచును. అది రావలెనని మందు చల్లుటయే మానుకొనును. దోమ కుట్టిన ఆకు పెరుగుదల నిలిచి, పసుపువాఱి, తన శత్రువును తినిపోవు ఇతర కీటకములను పిలుచుటకో యన్నట్లు ప్రత్యేక గంధములను వెలువరించును. వానినుండి సంస్కారకాలమున హోట్రియెనాల్ అను ద్రవ్యము రూపొంది, తేనెను, పండిన ద్రాక్షను తలపించు పరిమళము నిచ్చును. దీనిలో ఆక్సీకరణము కూడ ఊలాంగులన్నిటిలో హెచ్చు. డార్జీలింగు రెండవ కోతయందలి ప్రసిద్ధమైన ద్రాక్షతావికిని ఇట్టి కీటకముల కాట్లే చాలవఱకు కారణములు.

ప్రాంతభేదములు

వూయి ఊలాంగులు రాతిసందులలో పెరిగిన పొదలవి. గట్టిగా కాల్చుటచే వీనిలో వేయించిన గింజ, దాల్చినచెక్క, తడిరాయి వాసనలు ముందుకు వచ్చి, పూలతావి వెనుకకు జరుగును. రౌగ్వీ, షుయ్‌షియెన్ అను రకములు వాడుకలోనివి. దా హోంగ్ పావ్ అనుదాని మూలవృక్షములు కొండచఱియపై ఆఱు మాత్రమే మిగిలి, 21వ శతాబ్దపు తొలి దశకమునుండి కోతకు నోచుకొనక రక్షింపబడుచున్నవి. అంగడిలో ఆ పేరుతో దొరుకునది వాని సంతతియో, వివిధ రకముల మేళనమో తప్ప ఆ ఆఱింటిది కానేరదు. ఆన్‌షి టియెగ్వాన్‌యిన్ ఈ కాలమున తేలికగా చేయబడుచు, నెరోలిడాల్ పుష్కలముగా గల తెల్లపూల తావి నిచ్చుచున్నది. పూర్వకాలపు కాల్చిన రకము లోతైనదని పెద్దల అభిప్రాయము, ఈ వ్యాసకర్త అభిప్రాయమును అదియే. తైవానునందు డోంగ్‌డింగ్ మధ్యరకముగా కాల్చబడినది. అలీషాన్, లీషాన్ పర్వతములవి ఎత్తువలన చల్లదనము నిండినవి. బావ్‌జోంగ్ అన్నిటికంటె తేలిక. 1981లో విడుదలైన జిన్‌షువాన్ రకమునకు సహజముగానే పాలమీగడ కమ్మదనము కొద్దిగా కలదు.

పరిమళమును గుఱించి మాటలాడువారు ఫెంగ్‌హ్వాంగ్ కొండ దగ్గఱ కొంచెము నిలువవలెను. చావ్‌జౌ నగరమునకు సమీపమునగల యీ కొండపై విత్తనముచే మొలచిన పొదలు తరతరములుగా ఒకదానికొకటి భిన్నమై, ఏ చెట్టు ఆకును ఆ చెట్టుగా కోసి విడిగా తయారుచేయు ఆచారము ఏర్పడినది. డాన్‌త్సోంగ్ అని ఈ వర్గమునకు పేరు. రకముల పేర్లు పరిమళములను బట్టియే పెట్టబడినవి: తేనెతో కూడిన ఆర్కిడ్, గార్డీనియా, మాగ్నోలియా, బాదము, దాల్చిన, అల్లపుపూవు, మల్లె. ఒక రకమునకు బాతురెట్ట యని కూడ పేరు కలదు; అది వాసననుబట్టి వచ్చినది కాదు, చక్కని పూలతావి గల రకమది. మాగ్నోలియా యని చెప్పబడునది మన సంపెంగకు దగ్గఱి చుట్టమగుటచే తెలుగువానికి ఆ తావి పరాయిది కాదు. డాన్‌త్సోంగునందు పరిమళము ఎంత ఉన్నతమో చేదు అంత సమీపమున పొంచియుండును. నీరు కొన్ని క్షణములు అధికముగా నిలిచినచో అది బయటపడును. నేర్చుకొనువానికి ఇది కఠినమైన గురువు.

కాల్చుటవలన పుట్టు వాసనలు వేఱు తెగవి. ఆకులోని చక్కెరలు, అమైనో ఆమ్లములు వేడికి కలిసి పైరజీన్లు, ఫ్యూరాన్లు మొదలగువానిగా మాఱును. వేయించిన వేరుసెనగలోను, కాఫీగింజలోను గల కమ్మదనము వీనిదే. కొత్తగా కాల్చిన ఊలాంగులో పొగవాసన పూలతావిని కప్పివేయును; కొన్ని నెలలు మూసియుంచిన పిమ్మట అది దిగి, లోపలి తావి తేలును.

ఆస్వాదనపద్ధతి

చైనా నిపుణులు పరీక్షకై 110 మిల్లీలీటర్ల మూతగల పింగాణీ గిన్నెలో 5 గ్రాముల ఆకు వేసి, మరుగునీరు పోసి, వరుసగా 2, 3, 5 నిమిషములు ఉంచి మూడు తడవలు దింపుదురు. ఇంటిలో సుఖముగా త్రాగుటకు అంతే ఆకును మొదట పావు నిమిషమో అరనిమిషమో మాత్రము ఉంచి వడకట్టి, తరువాత తరువాత కాలమును పెంచుచు ఆఱేడు తడవలు త్రాగవచ్చును. గైవాన్ అను ఆ గిన్నె దొరకనిచోట చిన్న పింగాణీ కప్పును, దానిపై బోర్లించిన సాసరును చాలును. స్టీలు గ్లాసు వేడిని త్వరగా వదలును, పెదవిని కాల్చును; ఇందుకు తగదు.

పరిమళమును ఒక్కసారి పీల్చి ఊరకుండరాదు. అది క్రమముగా విప్పుకొనును. వేడిచేసిన ఖాళీగిన్నెలో పొడి ఆకును వేసి మూసి కుదిపి తెఱచినప్పుడు వచ్చునది మొదటి పరిచయము. నీరు పోసి వడకట్టిన పిమ్మట మూత అడుగుభాగమును ముక్కు దగ్గఱకు తెచ్చి మూడు మాఱులు చూడవలెను. వేడిగా నున్నపుడు దోషములు తెలియును: బూజు, మాడు, పచ్చి. గోరువెచ్చగా నున్నపుడు రకము తెలియును: పూవా, పండా, తేనెయా, గింజయా. చల్లారిన పిదప మిగులునది పరిమళపు మన్నిక. మంచి ఊలాంగులో ఖాళీకప్పు అడుగున తేనెవాసన చాలసేపు నిలుచును. తైవానువారు 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున సన్నని పొడవైన కప్పునొకదానిని దీనికొఱకే కల్పించి, అందులోని పానీయమును వేఱు కప్పులోనికి వంచి, ఖాళీదానిని వాసన చూచుట ఆచారము చేసికొనిరి.

తడవ తడవకు తావి మాఱును. తేలికద్రవ్యములు మొదటి రెండు తడవలలో పైకెగసిపోవును. నెరోలిడాల్ వంటి బరువైనవి నడుమ నిలుచును. తుది తడవలలో తీపియు కొయ్యవాసనయు మిగులును. ఘ్రాణము త్వరగా అలసిపోవునది గావున తడవకును తడవకును నడుమ కొంత విరామము మంచిది. మిరపకారముతో భోజనము చేసిన వెంటనే ఊలాంగ్ పరీక్షకు కూర్చుండుట వ్యర్థము. పల్నాటియందు ఇది సామాన్యమైన నిబంధన కాదు.

నీరు, ఎండ

పల్నాటికిని ఊలాంగునకును అసలు తగవు నీటియొద్ద వచ్చును. ఈ సీమ అడుగున పఱచుకొనియున్నది సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలును, మాచర్ల సిమెంటు కర్మాగారమును, ఇంటింట పఱచిన నాపరాళ్లును దాని సాక్ష్యములు. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులు పల్నాటి నీటి ఎద్దడిని ఎత్తిపొడిచినవి గాని నీటి కాఠిన్యమును గుఱించి ఆయన మాటలాడలేదు. బావినీటిలో కరగియున్న కాల్షియం బైకార్బొనేటు కాగినపుడు తెల్లని పొరగా పాత్ర అడుగున పేరుకొనును. మిగిలినది తేనీటిలోని పాలిఫినాళ్లతో కలిసి పైని మెఱయు పొరగా తేలును. ఈ పొర స్వభావమును లండనులోని ఇంపీరియల్ కళాశాలకు చెందిన మైకేల్ స్పైరో విపులముగా పరిశోధించెను. క్షారగుణముచే పానీయపు రంగు ముదిరి, పరిమళము మొద్దుబాఱును. డస్ట్ టీకి పాలు, పంచదార ఈ లోపమును కప్పిపుచ్చును. ఊలాంగునకు కప్పిపుచ్చునది ఏదియు లేదు.

నాగార్జునసాగరము కుడికాలువ ద్వారా వచ్చు కృష్ణనీరు సున్నపురాతి బావులనీటికంటె ఇందుకు సాధారణముగా మేలు. అది దొరకనిచోట బావినీటిని కాచి, తేర్చి, అడుగు కదలకుండ పైతేట వంచి, మరల కాచి వాడవలెను. ఊరూర వెలసిన మినరల్ వాటర్ ప్లాంట్ల నీటిలో ఖనిజములు మరీ తగ్గిపోవుటచే తేనీరు చప్పబాఱును. దానిలో కొద్దిగా కాలువనీటిని కలిపి కాచినచో సరిపోవును. ఫ్లోరైడు విషయమొకటి చెప్పకతప్పదు: తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును ఆకులలో కూడబెట్టును, ముదురాకులో అది హెచ్చు, ఊలాంగ్ ముదురాకుతో చేయబడునది. పల్నాటి మెట్ట గ్రామములలో ఫ్లోరైడు నీరు గల బావులు కలవు గావున, ఆ నీటితో ఆ ఆకును నిత్యము అధికముగా త్రాగుట వివేకము కాదు. నీటి మఱుగుస్థానము విషయమున మాత్రము ఈ సీమకు లాభము కలదు. రెండువేల మీటర్ల ఎత్తుననుండు లీషాన్ కొండపై నీరు సుమారు 93 డిగ్రీలకే మరగిపోవును. నరసరావుపేటలో ఇంచుమించు 100 డిగ్రీల దాక వేడెక్కి, బిగువుగా చుట్టిన ఆకుండలను చక్కగా విప్పును.

నిలువచేయుట యందు ఎండయే శత్రువు. వేడి, వెలుతురు, తేమ, పరవాసన ఈ నాలుగును ఊలాంగును చెఱచును. తేలికగా చేసిన టియెగ్వాన్‌యిన్, లీషాన్ రకములను గాలి తీసిన పొట్లములలో ఫ్రిజ్జునందు ఉంచి, గది వేడికి వచ్చిన తరువాతనే తెఱవవలెను; లేనిచో తేమ ఆకుపై చెమర్చును. కాల్చిన వూయి రకములు బయటనే, మూతబిగువైన తగరపుడబ్బాలో నిలుచును. మిరపకాయల మూటలు, ఇంగువ, మసాలాలు గల అరలో మాత్రము ఏ తేయాకును ఉంచరాదు. పరిమళమును పీల్చుకొను గుణము తేయాకునకు సహజము, మల్లెటీ తయారగుట ఆ గుణమువలననే.

భారతదేశపు ఊలాంగులు

భారతదేశమున ఊలాంగ్ మొత్తము తేయాకులో అత్యల్పభాగము. డార్జీలింగునందు కొన్ని తోటలు, నీలగిరులలో కొన్ని చిన్న కర్మాగారములు దానిని చేయుచున్నవి. అస్సాము మాత్రము ముఖ్యముగా నల్ల తేయాకునకే అంకితమైనది. ఆ తోటలను పెంచినవారిలో 19వ శతాబ్దమున మద్రాసు రాజధాని ఉత్తరజిల్లాలైన విశాఖపట్టణము, గంజాములనుండి కూలికి కుదిరి వెడలిన తెలుగువారు కలరు; వారి సంతతి నేటికిని అచ్చటి తేయాకు కూలిజనములలో ఒక భాగము. తేయాకు చరిత్రలో తెలుగువాని స్థానము ప్రధానముగా అది, త్రాగువాని స్థానము కాదు.

ఇచ్చటి అంగడిలో ఊలాంగ్ పేరిట అమ్మబడువానిలో కృత్రిమ పరిమళము పూసినవి పెక్కులు. పాలఊలాంగ్ అను పేరుతో వచ్చునవి ముఖ్యముగా అనుమానింపదగినవి. నిజమైన జిన్‌షువాన్ నందలి మీగడకమ్మదనము మందమైనది, రెండు మూడు తడవలదాక మెల్లగా తగ్గును. పూత పూసినదానిలో పొట్లము తెఱచినంతనే మిఠాయి అంగడి వాసన గుప్పున కొట్టి, రెండవ తడవకు కనుమరుగై, తడిసిన ఆకు గడ్డివాసన మాత్రము మిగులును. తడిసిన ఆకును విప్పి చూచుట మఱియొక పరీక్ష: మంచి ఊలాంగులో ఆకు సంపూర్ణముగా విచ్చుకొని, కాడతో సహా నిలిచి, అంచున ఎఱ్ఱగీత కనిపించును. డార్జీలింగు ఊలాంగులలో ఆకు చిన్నది, గీత చెదరియుండుట సహజము. వానిలో రెండవ కోతనాటిది, అనగా మే, జూన్ మాసములలో కోసినది, ద్రాక్షతావిచే తైవాను మెయ్‌రెనునకు దూరపు బంధువుగా తోచును, ధర యందు మాత్రము దానికంటె మనకు అందుబాటులో నుండును.